వెళ్లిన తేదీ

ఇల్లు, వంటగది బల్ల
మార్చి, రెండో వారం

ఒరే బడాయీ,

బాగున్నావనుకుంటాను. బాగాలేకపోయినా బాగున్నాననే రాస్తావు కాబట్టి అడగడం దండగ.

ఈ సంగతి ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు రెండు జోకులు వేసి నన్ను నవ్వించి, అసలు విషయం వచ్చేసరికి "పిన్నీ, బాసు వస్తున్నాడు" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే పారిపోలేవు. అందుకని రాస్తున్నా.

భత్యాల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ బాబాయి నడుము దెబ్బతిని బస్సు నడపడం మానేసిన దగ్గర్నుంచి నెలనెలా మనకి సాయం వస్తోందిగా, దాని గురించి. మొత్తం మూడు పేజీలు. నేను రెండుసార్లు చదివాను. మీ బాబాయి ఒకసారి చదివి నడుం నొప్పి అని పడుకున్నాడు. మీ చెల్లి చదివి, "అమ్మా, వాళ్లు మనకి ఎక్కువ ఇచ్చారట, వెనక్కి ఇమ్మంటున్నారు" అంది. ఆ ముక్క చెప్పడానికి మూడు పేజీలెందుకో నువ్వే చెప్పాలి. నువ్వూ అలాంటి రాతలే రాసి జీతం తీసుకుంటున్నావుగా.

ఇంట్లో తలకి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. నేను నాలుగు తలలు చెప్పానట, ఉన్నవి మూడేనట. నాలుగో తల పద్నాలుగు నెలలుగా వేరే ఊళ్లో జీతం తీసుకుంటోందట. ఆ తల నీది.

మూడు నెలలకోసారి ఆ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు?" అంటుంది. "నలుగురం" అంటాను. ఇందులో మోసం ఏముందిరా? నీ మంచం వేసినచోటే ఉంది. మీ చెల్లి దాని మీద పుస్తకాలు పెడితే తీయిస్తున్నాను. నువ్వు వెళ్లింది పదిహేను రోజుల పనికి. అది అయ్యాక ఇంకో పదిహేను రోజులన్నావు. తర్వాత మరో పదిహేను. ఊరెళ్లిన మనిషిని ఇంట్లో లేడని ఎవరైనా చెప్తారా?

ఉత్తరం నకలు పెడుతున్నాను. చదివి, మనుషులు మాట్లాడే భాషలో నాకు రాయి.

పిన్ని


సైకిల్ షాపు మేడ మీది గది
మార్చి, మూడో వారం

మహాలక్ష్మీ సమానురాలైన పిన్నిగారి పాదపద్మములకు నాలుగో తల నమస్కరించి చేసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. తమరు పంపిన నకలు అందినది.

నా ఇరవై మూడేళ్ల జీవితంలో నన్ను చాలామంది చాలా పేర్లతో పిలిచారు. అల్లరివాడన్నారు, పనికిమాలినవాడన్నారు, నువ్వు బడాయి అన్నావు, వాక్యానికి నాలుగు కామాలు పెడతానని మా బాసు "కామాల రోగి" అన్నాడు. కానీ "అదనపు చెల్లింపు" అని పిలిచింది మాత్రం ప్రభుత్వం ఒక్కటే. రెండో పేజీలో ఉంది చూడు. నేనిప్పుడు మనిషిని కాను పిన్నీ, అదనపు చెల్లింపుని. అద్దంలో చూసుకున్నాను. కొంచెం పోలిక ఉంది.

ఇక పనిలోకి వద్దాం. రోజంతా ఇల్లు ఊడ్చే యంత్రాలకీ జుట్టు ఆరబెట్టే యంత్రాలకీ వాడకం పుస్తకాలు రాసేవాణ్ని కదా, తమరి ఉత్తరానికీ ఒకటి రాశాను. చిత్తగించవలెను.

పరికరం లోపలి భాగాలు: మొదటి పేజీలో పలకరింపు, చట్టం. రెండో పేజీలో నేను. మూడో పేజీలో అసలు సంగతి. మొదటి రెండూ పక్కన పడేసినా పరికరం పనిచేస్తుంది.

వాడే విధానం: మనం ఏమీ చెయ్యకపోతే వచ్చే నెల నుంచి భత్యంలో మూడో వంతు కోసుకుంటారు, బాకీ తీరేదాకా. అంత కోస్తే ఇల్లు గడవదనుకుంటే ఖర్చులు చూపించి అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు కోత బాగా తగ్గుతుంది, కాకపోతే చాలాకాలం నడుస్తుంది. ఆ అర్జీతో పాటు ఒక వాంగ్మూలం ఇవ్వాలి. ఫలానా మనిషి ఫలానా తేదీ నుంచి ఈ ఇంట్లో ఉండటం లేదు అని. భత్యం ఎవరి పేరు మీద వస్తోందో వాళ్లు, అంటే నువ్వు, దాని మీద సంతకం పెట్టాలి.

హెచ్చరిక: ఇందులో నేరం, పోలీసు, జైలు అన్న మాటలు ఎక్కడా లేవు. పొరపాటు అని మాత్రమే ఉంది. బాబాయికి ఈ పేరా చదివి వినిపిస్తే నడుం తగ్గును.

కాబట్టి ఒక పూట వీలు చూసుకుని వెళ్లి ఆ రెండోది చేసెయ్యి. ఒక్క సంతకం. దీనితో పాటు కొంత డబ్బు కూడా పంపుతున్నాను. గొప్ప మొత్తం కాదు, కానీ అదనపు చెల్లింపు స్వయంగా తిరిగి చెల్లించుకోవడం చరిత్రలో ఇదే మొదటిసారి అనుకుంటాను.

బాసు వస్తున్నాడు. ఈసారి నిజంగానే.

ఇట్లు
తమ విధేయుడు
అదనపు చెల్లింపు


లాండ్రీ, భోజనం వేళ
ఏప్రిల్ మొదట్లో

ఒరే అదనపు చెల్లింపూ,

నీ వాడకం పుస్తకం మీ బాబాయికి చదివి వినిపించాను. నవ్వాడు. నవ్వేసరికి నడుం పట్టేసింది. హెచ్చరికల్లో అది కూడా చేర్చు.

నిన్న షిఫ్టు మార్చుకుని ఆఫీసుకి వెళ్లాను. అద్దాల కిటికీలు, ఇనప కుర్చీలు, గోడ మీద ఒక మొక్క బొమ్మ. నిజం మొక్కకి నీళ్లు పొయ్యాలని బొమ్మ పెట్టారు కాబోలు. నాకు ఫోన్ చేసే అమ్మాయే కిటికీ అవతల ఉంది, గొంతు పట్టి గుర్తుపట్టాను. మంచి పిల్ల, పాపం బాగా జలుబు చేసింది. ఇంటి ఖర్చులన్నీ విని రాసుకుంది. మీ బాబాయి ఫిజియో, చెల్లి బడి, ఇంటి అద్దె. "కోత తగ్గిస్తారమ్మా, తప్పకుండా తగ్గిస్తారు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆ రెండో కాగితం ముందుకు తోసింది.

"మీ అబ్బాయి ఏ తేదీన వెళ్లిపోయాడమ్మా?"

"వెళ్లిపోలేదు. పనికి వెళ్లాడు."

"అదేనమ్మా, ఎప్పుడు?"

"ఎప్పుడంటే ఏం చెప్పను, పదిహేను రోజులకని వెళ్లాడు."

"మరి ఆ పదిహేను రోజులయ్యాక?"

"ఇంకో పదిహేను."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని నా వంక చూసింది. నా వెనకాల వరసలో ఉన్న పెద్దమనిషికి ఓపిక పోయింది. "ఏదో ఒక తేదీ వేసెయ్యండమ్మా, ఎవరు చూడొచ్చారు" అన్నాడు.

"మీ కొడుకైతే ఏదో ఒక తేదీ వేస్తారా?" అన్నాను.

"నాకు కొడుకుల్లేరు."

"అదీ సంగతి" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మూడో వంతు కోసుకుంటే కోసుకోనీ. ఎక్కువ ఇచ్చామంటున్నారు, ఇచ్చేద్దాం. ఆ డబ్బుతో మీ చెల్లికి కళ్లద్దాలు వచ్చాయి, మీ బాబాయి మెట్లు ఎక్కగలుగుతున్నాడు, గాలికి పోలేదు. మేం సర్దుకుంటాం. నువ్వు దీని గురించి ఆలోచించకు.

నీ డబ్బు నీకే తిప్పి పంపాను. చొక్కా కొనుక్కో. మొన్న పంపిన ఫోటోలో కాలరు చూస్తే నా చేతులు ఇస్త్రీపెట్టె కోసం వెతికాయి.

పిన్ని


సైకిల్ షాపు మేడ మీది గది
ఏప్రిల్ ఆఖరు

శ్రీమత్ ఇస్త్రీ సామ్రాజ్ఞి పిన్నిగారికి,

పంపిన డబ్బు తిరిగొచ్చింది. పోస్టాఫీసు ఆవిడ "తీసుకోలేదండీ" అని నా చేతిలో పెడుతూ జాలిగా చూసింది. ప్రేమలేఖ అనుకుందేమో. నేను కూడా బరువుగా నిట్టూర్చాను, ఆవిణ్ని నిరాశపరచడం ఇష్టంలేక.

చొక్కా కొన్నాను. ఆజ్ఞ శిరసావహించడమైనది. మిగిలినది దాచాను, తమకి మనసు మారినప్పుడు పంపడానికి.

ఇక్కడ నా పలుకుబడి పెరిగింది. కింద సైకిల్ షాపు ఆయనకి కరెంటాఫీసుతో ఏదో తగాదా ఉంటే ఒక అర్జీ రాసిపెట్టాను. వాళ్లు బిల్లు సరిచేశారు. అప్పట్నుంచి సాయంత్రాలు ఈ వీధిలో సగంమంది మా మెట్ల మీదే. ఇల్లుగలావిడ మీద అర్జీ రాయమని పక్క గదివాడు, అద్దెకున్నవాళ్ల మీద రాయమని ఇల్లుగలావిడ. ఇద్దరికీ నేనే రాశాను. ఎదురెదురుగా చదువుకుంటే రెండూ న్యాయంగానే ఉన్నాయి. చేతిలో ఎంతో కొంత పెడుతున్నారు, లేదా గుడ్లు ఇస్తున్నారు. నిన్న ఒకావిడ గుమ్మడికాయ ఇచ్చింది. దాన్నేం చెయ్యాలో తెలియక కిటికీలో పెట్టాను, బల్బు వెలుగులో గంభీరంగా ఉంది.

ఇన్ని అర్జీలు రాసేవాణ్ని కదా, మా సొంత పిన్ని అర్జీ మాత్రం సంచిలో మడిచి పెట్టి ఉంది.

ఆ సంతకం సంగతి మళ్లీ అడగను. ఒక్కటే అడుగుతాను. మూడో వంతు పోయాక ఇల్లెలా గడుస్తోంది? వాడకం పుస్తకంలో రాసినట్టు రాయి, ఏ భాగం ఎలా పనిచేస్తోందో. "సర్దుకుంటున్నాం" అన్న మాట వాడితే ఒప్పుకోను. అది మేము కూడా వాడతాం, యంత్రం ఎందుకు శబ్దం చేస్తోందో మాకే తెలియనప్పుడు.

ఇట్లు
వీధి ఆస్థాన విన్నపాల రాయసకాడు


ఇల్లు, వంటగది బల్ల
మే, మూడో వారం

రాయసకాడికి,

గుమ్మడికాయని అలంకారానికి పెట్టుకున్నవాణ్ని నిన్నే చూశాను. ముక్కలు కోసి ఉడకబెట్టుకో, ఉప్పు వెయ్యి. అంత చదువు చదివినవాడికి ఇది కూడా నేనే రాయాలా?

ఇల్లెలా గడుస్తోందని అడిగావు. భాగాల వారీగా రాస్తున్నాను.

ఫ్రిజ్: ఆపేశాం. దాని గురక నీకు తెలుసుగా, ఇప్పుడు ఇల్లు గుడిలా ఉంది. పాలు, కూరలు ఏ పూటకాపూట తెచ్చుకుంటున్నాం. తాజావి తింటే ఒంటికి మంచిదట.

మీ బాబాయి: బాగానే ఉన్నాడు. ఫిజియో దగ్గర చేయించేవన్నీ వచ్చేశాయి, ఇంట్లోనే చేసుకుంటానంటున్నాడు. తలుపు పట్టుకుని వంగుతాడు, లేస్తాడు. తలుపే కిర్రుమంటోంది.

మీ చెల్లి: ఈత మానేసింది. ఆ నీళ్లకి జుట్టు పాడవుతోందట. ఆ వయసులో జుట్టు మీదే ధ్యాస.

నేను: నాకేం, రాయిలా ఉన్నాను.

అంతే. శబ్దాలేమీ లేవు. నువ్వు రాత్రుళ్లు దీపం పెట్టుకుని జనం అర్జీలు రాస్తూ కళ్లు పాడుచేసుకోకు. మీ ఇల్లుగలావిడ మీద రాసిన అర్జీ ఆవిడకి దొరికితే గది ఖాళీ చేయిస్తుంది, జాగ్రత్త. చేయిస్తే మాత్రం ఏం, ఇక్కడ నీ మంచం ఉండనే ఉంది.

పిన్ని

అబ్బాయ్, ఈ ఉత్తరం డబ్బాలో వేసేది నేను. కాబట్టి కింద మిగిలిన ఖాళీ నాది. మీ పిన్ని రాసినవి అబద్ధాలు కావు, సగం సగం నిజాలు. ఫిజియోకి వెళ్లడం నా అంతట నేను మానలేదు, ఆ డబ్బు కోసం ఆవిడ తను వేసుకునే మందులు మానేస్తానంటే మానాను. తెల్లారుతూనే ఎడమ కాలు మొద్దుబారి ఉంటోంది. చెల్లికి ఈత పోటీల జట్టులో పేరు వచ్చింది, ఫీజు కట్టాలన్నారు, జుట్టు సంగతి అప్పుడే పుట్టింది. మీ పిన్ని లాండ్రీ నుంచి వచ్చి మళ్లీ మా మేడలో మిగతా ఇళ్ల బట్టలన్నీ తెచ్చి ఇస్త్రీ చేస్తోంది. మణికట్టు వాచింది. రాయిలా ఉండటం అంటే అదే. ఆ కాగితం ఇంకా సంచిలోనే ఉంది. నా మాట వినదు. నీ మాటా వినదనుకో, కానీ వినకపోయినా నీ మీద కోపం తెచ్చుకోదు. నాకు ఆ సౌకర్యం లేదు. — బాబాయి


సైకిల్ షాపు మేడ మీది గది
మే ఆఖరు

పిన్నీ,

ఈ ఉత్తరంలో జోకులు లేవు, వెతకకు.

బాబాయిని ఏమీ అనకు. ఆయన రాయకపోతే నేను ఇంకో ఏడాది ఫ్రిజ్ గురక గురించి నవ్వుకుంటూ ఉండేవాణ్ని.

ఆయన కాలు మొద్దుబారడం చిన్న విషయం కాదు. మళ్లీ మంచాన పడితే ఈ భత్యం మొత్తం పెట్టినా లేపలేం. ఒక సంతకం పెట్టనందుకు ఆయన నడుము, చెల్లి ఈత, నీ చెయ్యి, ఇన్ని ఇస్తున్నావు. నా పేరు ఒక లెక్కలో ఉంచడానికి. నాకు అంత ఖరీదైన పేరు వద్దు.

నీకో సంగతి చెప్పలేదు. ఫిబ్రవరిలో నా ఉద్యోగం పర్మనెంటు అయింది. ఫోన్లో చెబుదామని మూడుసార్లు అనుకున్నాను. ప్రతిసారీ నువ్వు "ఈసారి వచ్చేటప్పుడు నీ దుప్పటి ఉతికించి ఉంచుతా" అనేదానివి. అప్పుడు నేను ఇంకేదో జోకు వేసి ఫోన్ పెట్టేసేవాణ్ని. నేను తిరిగి వచ్చేది చుట్టపుచూపుగానే పిన్నీ. సెలవులకి వస్తాను, పనికి ఇక్కడికి వస్తాను. ఇది నాకు నచ్చిన పనే. నవ్వుతావేమో, ఒక ముసలాయన మేం రాసింది చదివి తన చెవి మిషను తనే బాగుచేసుకున్నాడని కంపెనీకి రాశాడు. ఆ కాగితం నా బల్ల మీద అంటించాను.

నేను ఆ ఇంట్లో ఉండటం లేదు. అది నిజం. నిజం మీదే కదా నిన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టు.

నీ
అబ్బాయి


ఇల్లు
జూన్, మొదటి వారం

పర్మనెంటు అయినందుకు సంతోషం.

నాకు తెలుసు. ఫిబ్రవరి నుంచి నీ నోట పదిహేను రోజులన్న మాట రాలేదు. నేను వినలేదనుకున్నావా? నేను అడిగితే నువ్వు చెప్తావని అడగలేదు.

నిజం మీద సంతకం పెట్టమంటున్నావు. సరే, నిజం రాస్తాను, చదువు.

నీకు అప్పుడు ఆరేళ్లు. మా అక్క, అదే మీ అమ్మ, పోయి ఏడాది కూడా కాలేదు. మీ నాన్న వేరే కాపురం పెట్టుకున్నాడు. మీ మేనత్త ఇంట్లో నిన్ను పదిహేను రోజులు ఉంచుకున్నారు. తర్వాత పెద్దమ్మ ఇంట్లో పదిహేను రోజులు. తర్వాత మామయ్య ఇంట్లో. ఎవరూ నిన్ను కొట్టలేదు, తిట్టలేదు. తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి, మంచిగానే పంపించారు. అందరికీ ఇబ్బందులున్నాయి, కాదనను. అలా నాలుగో ఇంటికి, నా దగ్గరికి వచ్చావు. మాకు పెళ్లయి ఆర్నెల్లు. ఒకటే గది.

పదిహేనో రోజు పొద్దున్నే లేచి చూస్తే నువ్వు బూట్లు వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నావు. నిన్ను ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. నీ అంతట నువ్వే లెక్క చూసుకున్నావు. నేను పొయ్యి దగ్గర నిలబడిపోయాను. మీ బాబాయి డ్యూటీకి వెళ్తూ నిన్ను చూసి, "ఒరే, బూట్లు విప్పరా, కాళ్లకి చెమట పడుతుంది" అని వెళ్లిపోయాడు. నువ్వు నా వంక చూశావు. నేను తల ఊపాను. అప్పుడు విప్పావు.

ఇప్పుడు వాళ్లెవరో కాగితం పెట్టి, వీడు ఈ ఇంటివాడు కాదు అని నా చేత రాయించుకుంటారట. ఆ మూడిళ్లవాళ్లు కూడా కాగితం మీద రాయలేదురా. రాస్తే నేనే మొదటిదాన్ని అవుతాను.

నా మణికట్టుకి కట్టు కట్టుకున్నాను. ఫ్రిజ్ లేకపోతే చావం. నా వల్ల కాదు, నన్ను అడగకు.

పిన్ని


సైకిల్ షాపు మేడ మీది గది
జూన్, మూడో వారం

పిన్నీ,

ఆ బూట్లు నాకు గుర్తున్నాయి. కుడిది బిగుతు. బాబాయి విప్పమన్నందుకు నేను సంతోషించిన కారణాల్లో అదొకటి, మిగతాది నీకు చెప్పక్కర్లేదు.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు నీకు జవాబు రాయలేకపోయాను. జుట్టు ఆరబెట్టే యంత్రం పుస్తకంలో ఒకచోట "భయపడకండి" అని రాశానట. బాసు పిలిచి, "ఇందులో భయపడాల్సిందేముందయ్యా?" అన్నాడు.

శుక్రవారం సెలవు పెట్టి ఇక్కడి భత్యాల ఆఫీసుకి వెళ్లాను. ఇక్కడా గోడ మీద అదే మొక్క బొమ్మ ఉంది పిన్నీ. అన్ని ఆఫీసులకీ ఒకే మొక్క కాబోలు. వరసలో కూర్చుని, నా వంతు రాగానే గుమస్తాని అడిగాను. వెళ్లినవాణ్ని నేను కదా, వాంగ్మూలం నేనివ్వకూడదా అని. ఆయన అద్దాలు సర్దుకుని, ఇవ్వొచ్చు, కానీ ఇంటివాళ్లు కింద "నిజమే" అని సంతకం పెట్టాలి అన్నాడు. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమండీ అంటే, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు అన్నాడు.

కాబట్టి ఆ తేదీ నువ్వు రాయనక్కర్లేదు. నేను రాశాను. జనవరి తొమ్మిది. ఆ రోజు నన్నెవరూ పంపలేదు. సంచి నేనే సర్దుకున్నాను, పాత బూట్లు కాకుండా మంచి బూట్లు వేసుకున్నాను, బాబాయి జేబులోంచి బస్సు డబ్బులు కొట్టేశాను, ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నువ్వు దారిలో తినమని కట్టి ఇచ్చింది బస్సు కదలకముందే తినేశాను. పంపించేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు పిన్నీ, మూడుసార్లు చూశాను. ఇది అది కాదు. ఆ బస్సులో నాకు కాస్త భయం వేసింది గానీ, ఎక్కడికి పోతానోనని కాదు. పని రాకపోతే బాసు తిడతాడేమోనని. అందరికీ వేసే భయమే వేసింది. అలాంటి మామూలు భయం నాకు ఉండటమే నువ్వు చేసిన పని.

ఆ కాగితంలో "వెళ్లడానికి కారణం" అని ఒక గడి ఉంది. "ఉద్యోగం" అని రాశాను. ఇంకా చోటు మిగిలింది. "పెంచినవాళ్లు బాగా పెంచారు" అని రాశాను. గుమస్తా చదివి, ఇది అనవసరం, కొట్టెయ్యండి అన్నాడు. కొట్టెయ్యను, అవసరమే అన్నాను. నా వెనకాల వరస పెరుగుతోంది. ఆయన ఆ వరస వంక చూసి, సరే ఉండనివ్వండి, ఎవరు చూడొచ్చారు అన్నాడు. ఈ మాట మీ ఆఫీసులో కూడా ఎవరో అన్నారు కదా, ఆయనకి అన్నదమ్ముడేమో.

కాగితం దీనితో పంపుతున్నాను. నేను ఆ ఇంటివాణ్ని కానని ఇందులో ఎక్కడా లేదు, వెతుక్కో. నేను వెళ్లానని ఉంది. అది నిజమైతే కింద సంతకం పెట్టు. కాదంటే చింపెయ్యి, మళ్లీ అడగను.

పెడితే మాత్రం ఒక షరతు. తగ్గిన కోత ఎంతైతే అంత నేను పంపుతాను, తిప్పి పంపకూడదు. పోస్టాఫీసు ఆవిడ ఇప్పటికే నా గురించి చాలా బాధపడుతోంది.

నీ
బడాయి


ఇల్లు, వంటగది బల్ల
జూలై, రెండో వారం

ఒరే బడాయీ,

నీ కాగితం వచ్చిన రోజు చదవలేదు. బియ్యం డబ్బా కింద పెట్టి పనికి వెళ్లిపోయాను. మర్నాడు కూడా చదవలేదు. మూడో రోజు మీ చెల్లి, "అమ్మా, నువ్వు చదువుతావా, నేను గట్టిగా చదవనా?" అంది. ఆ పిల్లకి నీ పొగరే వచ్చింది. నేనే చదువుకున్నాను.

జనవరి తొమ్మిది అని నాకు తెలుసు. ఆ పిల్ల కిటికీలోంచి అడిగినప్పుడు కూడా తెలుసు. ఆ రోజు నువ్వు వెళ్లాక లాండ్రీలో ఒకాయన తెల్ల చొక్కా కాల్చేశాను. పదకొండేళ్లలో అదొక్కటే. వాళ్లు జీతంలో పట్టుకున్నారు. ఎందుకు కాలిందని అడిగితే పెట్టె పాడైందని చెప్పాను.

సోమవారం ఆఫీసుకి వెళ్లాను. ఆ పిల్లకి జలుబు తగ్గింది. నీ కాగితం చదివింది. కారణం దగ్గర కాసేపు ఆగింది. కలం ఇచ్చింది, సంతకం పెట్టాను. చేతికి కట్టు ఉంది కాబట్టి వంకరగా వచ్చింది, అంతకంటే ఏమీ కాదు. ముద్ర వేసి, "వచ్చే నెల నుంచి కోత తగ్గుతుందమ్మా, మీ అమ్మాయి బడి అయ్యేదాకా నడుస్తుంది" అంది. నడవనీ అన్నాను.

మీ బాబాయి గురువారం నుంచి మళ్లీ ఫిజియోకి వెళ్తున్నాడు. తలుపు ఊపిరి పీల్చుకుంది. చెల్లి ఈతకి వెళ్తోంది, జుట్టు సంగతి ఎత్తితే నా మీద కోపం. నేను సాయంత్రాలు బట్టలు తేవడం మానేశాను. కోత నువ్వు మొత్తం కట్టడం కుదరదు, సగం నీది, సగం మాది. ఆ తిండి అందరం తిన్నాం.

ఇంకో మాట. సంతకం పెట్టి బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాను. ప్రభుత్వమే ముద్ర వేసి చెప్పింది, నీది వేరే ఇల్లని. ఇన్నాళ్లూ నీకు గది ఉందనుకున్నాను, ఇల్లుందని అనుకోలేదు. ఇల్లున్నాక చుట్టాలు రాకుండా ఎలా? కాబట్టి వచ్చే నెల రెండో ఆదివారం నేను, మీ బాబాయి, చెల్లి వస్తున్నాం. ముగ్గురం చుట్టాలం, పని చెప్పకు. మీ బాబాయికి వీపు ఆనించుకునే కుర్చీ కావాలి, ఎవరినైనా అడిగి తెచ్చి ఉంచు. చెల్లి కిటికీ పక్కన పడుకుంటుందట. నాకు టీ నువ్వే పెట్టాలి, నేను కూర్చుని తాగుతాను, బాగాలేకపోతే బాగాలేదని చెప్తాను. నీ చొక్కాల జోలికి మాత్రం రాను, చుట్టాలు అవి చెయ్యరు. రెండు చొక్కాలు బయట పెట్టి ఉంచితే నేను చూడకుండా ఉండలేను, కాబట్టి లోపల దాచిపెట్టు.

ఊరికి వచ్చే బస్సు ఏదో మీ బాబాయికి తెలుసు. దిగాక మీ ఇంటికి ఎటు నడవాలో మాకెవరికీ తెలియదు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నిన్ను అడగలేదు. బస్సు దిగాక ఎటు తిరగాలో, మొదట ఏం కనపడుతుందో, మెట్లు ఎటు పక్క ఉంటాయో వివరంగా రాయి. వాడకం పుస్తకంలో రాసినట్టు రాయి, తప్పిపోకుండా.

పిన్ని